నల్ల కారుకు మెరుపు ఎక్కడి నుంచి వస్తుంది?

రాత్రిపూట హైదరాబాద్–విజయవాడ హైవే మీద, నార్కట్‌పల్లి దాటాక ఏదో ఒక పెట్రోల్ బంకులో ఆగి నల్ల కారు బానెట్ వైపు చూస్తే అసలు సంగతి తెలిసిపోతుంది. పగలు ఇంటి ముందు నీడలో నిగనిగలాడిన బండే ఇక్కడ తెల్లటి ఎల్‌ఈడీ లైట్ల కింద సాలెగూడు కప్పినట్టు కనిపిస్తుంది. ఒక్కో లైటు నీడ చుట్టూ వందలకొద్దీ సన్నని గీతలు, గుండ్రంగా తిరిగి ఉంటాయి. పక్కన ఆగిన తెల్ల కారుదీ అదే వయసు, అదే దుమ్ము, తుడిచిన గుడ్డ కూడా అలాంటిదే, కానీ దాని మీద ఏమీ కనపడదు. నల్ల రంగు కొన్న చాలామంది ఇక్కడే "కంపెనీ వాడు నాసిరకం రంగు వేశాడు" అని తీర్మానించేస్తారు. ఆ తర్వాత మెరుపు కోసం ఏదో ఒకటి కొని రాయడం మొదలవుతుంది. రాసినకొద్దీ గీతలు పెరుగుతాయి.

ఇప్పటి కార్ల మీద రంగంటే ఒక్క పూత కాదు. రేకుకు తుప్పు పట్టకుండా ఒక పొర, దాని మీద ప్రైమర్, ఆ పైన అసలు రంగు, అన్నిటికన్నా పైన రంగేమీ లేని, గాజులాంటి క్లియర్ కోట్. అన్నీ కలిపినా కంపెనీ రంగు మందం మామూలుగా 100 నుంచి 140 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్), అందులో క్లియర్ కోట్ వాటా 35 నుంచి 50. తలవెంట్రుక సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది కాబట్టి సగం వెంట్రుక కన్నా కాస్త ఎక్కువ మందం ఉన్న పొర అనుకోవచ్చు. గీతలు పడేది ఆ పొరకే, మెరిసేదీ అదే. కింద ఉన్న నలుపు చాలాసార్లు చెక్కుచెదరకుండా అలాగే ఉంటుంది.

మరి తెల్ల కారు ఎలా తప్పించుకుంటుంది? క్లియర్ కోట్ మీద నిటారుగా పడిన వెలుతురులో అద్దంలోలా నేరుగా తిరిగొచ్చేది సుమారు 4 శాతమే, మిగతాది పొరలోంచి లోపలికి పోయి రంగును తాకుతుంది. తెల్ల రంగు దాన్ని చాలావరకు బయటికి చిమ్మేస్తుంది, ఆ వెలుగులో పైనున్న గీతల తళుకు కొట్టుకుపోతుంది. నలుపు మాత్రం లోపలికి వచ్చినదాన్ని మింగేస్తుంది. అంటే నల్ల బానెట్ నుంచి కంటికి చేరేది దాదాపుగా ఆ 4 శాతమే. ఆ కాస్తా చెదరకుండా వస్తే ఆకాశం, కరెంటు తీగలు, ఎదురింటి వేపచెట్టు ఆకులతో సహా బానెట్ మీద దిగుతాయి, గీతలకు తగిలి నాలుగు దిక్కులకూ చెదిరితే నలుపు కాస్తా బూడిద రంగుకు తిరుగుతుంది. నలుపుకు సొంత మెరుపంటూ లేదు, దాని మీదున్న నునుపే మెరుపు.

ఇది వంటింటి గట్టు ఉన్న ప్రతి ఇంటికీ తెలిసిన విషయమే. గట్టుకు వేసే నల్ల గ్రానైట్ బండ కోసినప్పుడు పాలిపోయిన బూడిద రంగులో ఉంటుంది. నీళ్లు చల్లితే నల్లబడుతుంది, ఆరగానే మళ్లీ పాలిపోతుంది. పాలిష్ పట్టాక నీళ్ల అవసరం లేకుండానే నల్లగా నిలిచిపోతుంది. రాయికి ఎవరూ రంగు వేయలేదు, ముతక నుంచి సన్నానికి వరుసగా సానలు మారుస్తూ గరుకు తీశారు, అంతే. సూర్యాపేట పక్కన పిల్లలమర్రి గుళ్లలో 13వ శతాబ్దం నాటి నల్లరాతి స్తంభాల నునుపు వెనక ఉన్నదీ ఇదే పని, ఆ కాలంలో మెషిన్ లేదు కాబట్టి ఓపిక ఎక్కువ పట్టి ఉంటుంది. మెరుపును కొలిచే మీటర్లకు కూడా ప్రమాణంగా పెట్టుకున్నది పాలిష్ చేసిన నల్ల గాజు పలకే, దాని మెరుపును 100గా లెక్కేసి మిగతావాటిని దానితో పోలుస్తారు. నల్లకొండ అని పేరు పెట్టుకున్న నల్లగొండలో ఈ లెక్క ఎవరికైనా నచ్చాలి.

గీతలు గుండ్రంగా ఎందుకు కనపడతాయన్నది ఇంకో ప్రశ్న. గుడ్డను గుండ్రంగా తిప్పి తుడవడం వల్ల అనుకుంటారు, నిలువుగా తుడిస్తే రావని సలహా కూడా ఇస్తారు. పాత స్టీలు కంచాన్ని బల్బు కింద పట్టుకుని చూస్తే గుట్టు తెలుస్తుంది. కంచాన్ని కదిపితే ఆ గుండ్రాలు కూడా బల్బు నీడతో పాటు కదులుతాయి. గీతలు నిజానికి అన్ని దిక్కులకూ అడ్డదిడ్డంగా పడి ఉంటాయి, వాటిలో లైటుకు అడ్డంగా ఉన్నవి మాత్రమే వెలుతురును కంటివైపు తిప్పుతాయి, అందుకే లైటు చుట్టూ గూడు అల్లినట్టు అనిపిస్తుంది. నిలువుగా తుడిస్తే గీతలు తగ్గవు. ఒకే దిక్కులో పడతాయి కాబట్టి కొన్ని వైపుల నుంచి తక్కువగా కనపడతాయి, ఆ మేరకు సలహా పనికొస్తుంది.

అసలు దోషి దుమ్ము. దక్షిణ తెలంగాణ చాలావరకు గ్రానైట్ రాతి మీద కూర్చుంది. నల్లగొండ, పాలమూరు ఎర్ర చల్కా నేలలు ఆ రాయి అరిగి పుట్టినవే, అందులోని ఇసుక రేణువుల్లో ఎక్కువ భాగం క్వార్ట్జ్. ఖనిజాల గట్టితనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ లెక్కలో క్వార్ట్జ్‌ది 7, ఇంట్లో కత్తి ఇనుము కూడా అంతకన్నా మెత్తన. క్లియర్ కోట్ అయితే ఒకరకం ప్లాస్టిక్, దాని సంగతి చెప్పనక్కర్లేదు. నల్లరేగడి దుమ్ము కొంచెం నయం, అది బంకమట్టి, అయితే తడిస్తే పట్టుకుని ఒక పట్టాన వదలదు. దీనికి తోడు క్రషర్ల పొడి, వాడపల్లి, హుజూర్‌నగర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీల దారిలో లారీల నుంచి రాలేది, మిర్యాలగూడ చుట్టూ రైస్ మిల్లుల ఊక బూడిద. ఊక బూడిద చేతికి మెత్తగా తగులుతుంది కానీ అందులో అత్యధిక భాగం సిలికానే, క్వార్ట్జ్‌కు దగ్గరి చుట్టం. సిమెంటు పొడిది ఇంకో గొడవ, మంచు పడ్డ రాత్రి తడిసి అక్కడే గట్టిపడితే గీకినా పోదు.

ఇప్పుడు రోజూ పొద్దున జరిగేది ఊహించుకోండి. రాత్రంతా పడిన సన్నటి దుమ్ము, దాని మీద పాత బనియన్ గుడ్డో, పసుపు రంగు గుడ్డో, కుచ్చుల బ్రష్షో. పొడిగా రెండు చేతులా తుడుస్తారు, బండి శుభ్రమైందని తృప్తి పడతారు. సన్న ఉప్పుకాగితంతో రోజుకోసారి రుద్దినదానికీ దీనికీ తేడా కొద్దిగానే. ఏడాదికి మూడు వందల సార్లు. నల్ల కారు మెరుపును ఎండ, వాన, రోడ్డు కలిసి చేసేదానికన్నా ఎక్కువగా చంపేది ఈ ప్రేమతో తుడవడమే, నిజానికి బద్ధకస్తుల నల్ల కార్లే పైపొర విషయంలో మెరుగ్గా ఉంటాయి. దుమ్ము పట్టిన బండిని దుమ్ముతోనే వదిలేసి, వారానికోసారి నీళ్లతో కడిగితే చాలు. మరీ సిగ్గనిపిస్తే ముందు గట్టిగా నీళ్లు కొట్టాలి, చేయి ఆ తర్వాతే పడాలి.

కారు కవర్ కూడా ఈ జాబితాలోకే వస్తుంది. దుమ్ము పట్టిన బండి మీద కవర్ కప్పి, ఆరుబయట గాలికి వదిలేస్తే ఆ కవర్ రాత్రంతా అటూ ఇటూ కదిలి రుద్దుతూనే ఉంటుంది. షెడ్డు ఉన్నవాళ్లకు కవర్ అవసరం తక్కువ, షెడ్డు లేనివాళ్లకు అది చేసే మేలు తక్కువ.

వాటర్ సర్వీసింగ్ సెంటర్ల సంగతి. ఒకే బకెట్, ఒకే స్పాంజి, పొద్దుటి నుంచి ట్రాక్టర్ మడ్‌గార్డులు, ఆటోలు, తర్వాత మీ నల్ల కారు. స్పాంజిలో ఇరుక్కున్న ఇసుక ఎవరికీ కనపడదు. కొన్నిచోట్ల చివర్లో డీజిల్‌లో ముంచిన గుడ్డతో బాడీ అంతా తుడిచి ఇస్తారు, అప్పుడు చూడాలి, కొత్త బండి దిగినట్టు ఉంటుంది. నూనె ఆ గీతల్లో నిండి వెలుతురు చెదరకుండా ఆపుతుంది, గ్రానైట్ బండ మీద నీళ్లు చల్లినట్టే. రెండు రోజులకు ఆ జిడ్డుకు అంతకు ముందుకన్నా ఎక్కువ దుమ్ము అంటుకుంటుంది, మళ్లీ తుడుపు మొదలు. వాళ్లను పూర్తిగా తప్పు పట్టలేం, ఇచ్చే డబ్బుకు అరగంటలో బండి బయటికి పోవాలి కదా. ప్రెషర్‌తో నీళ్లు, ఫోమ్ వరకు అక్కడ చేయించుకుని "గుడ్డ పెట్టొద్దు, డీజిల్ వద్దు" అని ముందే చెప్పేస్తే ఆ సెంటరే బాగా పనికొస్తుంది.

ఇంట్లో కడిగితే రెండు బకెట్లు కావాలి. ఒకదాంట్లో కార్ షాంపూ, రెండోదాంట్లో ఉత్త నీళ్లు. షాంపూలో ముంచి ఒక డోర్ కడిగి, గుడ్డను ఉత్త నీళ్లలో జాడించి ఇసుక వదిలించి, మళ్లీ షాంపూలోకి. పై నుంచి కిందికి కడుక్కుంటూ రావాలి, చక్రాలకు, కింది అంచులకు వేరే గుడ్డ. గుడ్డంటే మైక్రోఫైబర్, నూలుది కాదు, ఎందుకంటే మైక్రోఫైబర్ పోగుల మధ్యకు ఇసుక రేణువు దూరిపోయి పైకి రాయకుండా ఉంటుంది. కింద పడిన గుడ్డను ఆ రోజుకు మళ్లీ బండికి తగిలించకూడదు, ఇది మాత్రం ఎంత చాదస్తంగా అనిపించినా తప్పదు. గిన్నెల సబ్బు, బట్టల సబ్బు పొడి వాడితే జిడ్డుతో పాటు పైన రాసి ఉన్న మైనం (వ్యాక్స్) కూడా పోతుంది.

ఇక నీళ్లు. ఇక్కడి బోరు నీళ్లు నల్ల కారుకు దుమ్ము తర్వాత రెండో శత్రువు. ఫ్లోరైడ్ అనగానే నల్లగొండ గుర్తొస్తుంది, పటికతో, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నాగ్‌పూర్‌లోని పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ నీరి 'నల్గొండ టెక్నిక్' అని పేరే పెట్టింది. కానీ బానెట్ మీద తెల్ల మచ్చలకు ఫ్లోరైడ్‌ను తిట్టి లాభం లేదు, అవి ముఖ్యంగా నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లాంటి లవణాలు. తాగే నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ పరిమితి, వేరే దిక్కు లేనప్పుడు 2000 వరకు సర్దుకోవచ్చంటుంది. ఆ 500 లెక్కనే చూసినా బాడీ మీద ఒక లీటరు నీళ్లు ఆరిపోతే అర గ్రాము ఉప్పు అక్కడ మిగిలినట్టు. తెల్ల కారు మీద అది ఎవరికీ కనపడదు, నలుపు మీద సుద్దముక్కతో చుక్కలు పెట్టినట్టు తేలుతుంది.

మే నెలలో నల్లగొండ ఎండ 43, 44 డిగ్రీలకు పోతుంది. ఎండలో నిలబెట్టిన నల్ల బానెట్ మీద చేయి ఆనించలేం. అలాంటి రేకు మీద నీళ్లు పోస్తే తుడిచేలోపే ఆవిరైపోతాయి, మచ్చ కాల్చి వేసినట్టు దిగుతుంది. అందుకే కడగడం పొద్దున ఆరున్నరలోపు, లేదంటే సాయంత్రం రేకు చల్లబడ్డాక. ఇక్కడొక చవకైన ఉపాయం ఉంది. ఊరూరా ఫిల్టర్ నీళ్ల ప్లాంట్లు ఉన్నాయి, ఒక 20 లీటర్ల క్యాన్ తెచ్చుకుని కడగడమంతా బోరు నీళ్లతోనే కానిచ్చి చివరి జాడింపు మాత్రం ఆ నీళ్లతో పోస్తే సగం క్యాన్ కూడా ఖర్చవదు, మచ్చలు చాలావరకు పడవు. ఆ వెంటనే పెద్ద మైక్రోఫైబర్ టవల్ పరిచి లాగాలి, రుద్దకూడదు. ఇప్పటికే పడిన మచ్చలు కొత్తవైతే వెనిగర్‌లో సగానికి సగం నీళ్లు కలిపి, చల్లటి రేకు మీద నిమిషం ఉంచి కడిగేస్తే కరిగిపోతాయి. నెలల తరబడి ఎండిన మచ్చలు క్లియర్ కోట్‌ను తినేసి గుంట చేసి ఉంటాయి, వాటికి వెనిగర్ చాలదు.

ఇంత జాగ్రత్తా కొత్తగా గీతలు పడకుండా ఉండటానికే. ఉన్న గీతలు పోవాలంటే పాలిష్ పట్టాల్సిందే, మరో దారి లేదు. గీత అంటే క్లియర్ కోట్‌లో చిన్న లోయ. లోయను పూడ్చినట్టు కనిపించేలా ఏదైనా నింపవచ్చు, లేదా చుట్టూ ఉన్న గట్లను లోయ అడుగు వరకు అరగదీయవచ్చు. వ్యాక్స్, డీజిల్, జిడ్డు ఎక్కువున్న పాలిష్‌లు చేసేది మొదటిది, అసలైన పాలిష్ చేసేది రెండోది. బజార్లో రెండింటినీ 'పాలిష్' అనే పిలుస్తారు, మోసమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

పాలిష్‌కు ముందు బాడీ కడిగాక పలుచటి ప్లాస్టిక్ కవర్‌లో చేయి పెట్టి బానెట్ మీద మెల్లగా జరిపితే ఇసుక పోసినట్టు గరగరలాడుతుంది. వట్టి చేతికి అంతగా తెలియదు. బ్రేకుల నుంచి ఎగిరిన ఇనుప రజను, తారు చుక్కలు, సిమెంటు, ఇవన్నీ పొరలో నాటుకుని ఉంటాయి. వీటిని క్లే బార్ అనే బంకముద్దతో, సబ్బునీళ్లు చల్లుతూ లాగేయాలి. ఈ పని చేయకుండా మెషిన్ పెడితే ఆ రజనునే బాడీ అంతా తిప్పి రుద్దినట్టవుతుంది.

డెంటింగ్ పెయింటింగ్ షెడ్లలో 'రబ్బింగ్' అనేది సాధారణంగా ఒకే అక్షం మీద గిర్రున తిరిగే మెషిన్‌తో, ఉన్ని ప్యాడ్‌తో, కాంపౌండ్ అనే ముతక పేస్టుతో చేస్తారు. త్వరగా కోస్తుంది, గీతలు పోతాయి, కానీ దాని సొంత అచ్చు వేసి పోతుంది. ఎండలో కారు పక్క నుంచి నడుస్తుంటే డోర్ల మీద నెమలీకల్లా కదిలే మెరుపు చారలు అవే. తెల్ల కార్లకు అదే మేస్త్రీ, అదే మెషిన్‌తో మంచి పేరు తెచ్చుకుంటాడు, నల్ల కారు దగ్గరే దొరికిపోతాడు. నలుపుకు కాంపౌండ్ తర్వాత సన్న పాలిష్, మెత్తటి ఫోమ్ ప్యాడ్, తిరుగుతూనే అటూ ఇటూ ఊగే డీఏ మెషిన్ కావాలి. ఈ మెషిన్ నిదానం, అందుకే వేడి తక్కువ, చారలూ తక్కువ. ఇల్లు కట్టినవాళ్లకు ఇది కొత్త కాదు, గ్రానైట్ పాలిష్ మేస్త్రీ కూడా ముతక రాయి దగ్గర ఆపేసి డబ్బులు అడిగితే ఎవరూ ఇవ్వరు.

ఎంత పోతుందన్నదే ఇక్కడ అసలు లెక్క. పద్ధతిగా చేస్తే ఒక పాలిష్‌కు రెండు నుంచి నాలుగు మైక్రాన్లు పోతాయి, ముతకగా చేస్తే అంతకన్నా ఎక్కువ. 40 మైక్రాన్ల పొరలో ఇది చిన్న ఖర్చు కాదు, ఎండను ఆపేది కూడా ఆ పొరే. ప్రతి దసరాకూ రబ్బింగ్ చేయించిన బండ్లకు కొన్నేళ్లకు రూఫ్ మీద, బానెట్ మీద పొట్టు లేచినట్టు క్లియర్ కోట్ ఊడటం చూస్తూనే ఉంటాం, ఆ తర్వాత మళ్లీ పెయింటింగే. బానెట్ మడతల అంచుల మీద పొర ఇంకా పలచన, అక్కడ టేపు వేసుకోకుండా మెషిన్ పెట్టేవాడి దగ్గర బండి వదలకపోవడమే మేలు. రంగు మందం కొలిచే చిన్న మీటర్ ఉందా అని అడగండి. ఉంటే సగం నమ్మవచ్చు. ముందు ఒక అడుగు చోట చేసి చూపించమని అడిగితే మిగతా సగం.

పని అయ్యాక షెడ్డు నీడలో చూసి డబ్బు ఇచ్చేయడం మామూలుగా చేసే పొరపాటు. పాలిష్‌లో నూనెలుంటాయి, అవి గీతల్లో కూర్చుని కొన్ని రోజులు కప్పేస్తాయి. నూనె వదిలించే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నీళ్లలో కలిపి ఒక చోట తుడిపించి, ఎండలోకి తెచ్చో, ఫోన్ టార్చి కొట్టో చూడాలి. ట్యూబ్‌లైట్ నీడ అంచు కత్తితో కోసినట్టు ఉంటే పని కుదిరినట్టు. అంచు వంకరగా, కమలాపండు తొక్కలా బుడిపెలుగా కనిపిస్తే అది గీతల దోషం కాదు, పెయింట్ స్ప్రే చేసినప్పుడే వచ్చింది. దాన్ని తీయాలంటే నీటి కాగితంతో, అంటే తడిపి వాడే సన్న ఉప్పుకాగితంతో రుద్దాలి, కంపెనీ రంగు మీద ఆ సాహసం వద్దు.

మెరుపు వచ్చాక దాన్ని కాపాడేవి చాలా అమ్ముతారు. కార్నౌబా మైనం బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది, నలుపు మీద దాని నిగారింపు బాగుంటుంది, మన ఎండలకు మాత్రం కొన్ని వారాలకే వెళ్లిపోతుంది. షోరూముల్లో బండితో పాటు అంటగట్టే 'టెఫ్లాన్ కోటింగ్' గురించి ఒక్క మాట చాలు. టెఫ్లాన్ 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది, పెనానికి దాన్ని పట్టించేది అంత వేడిలోనే. కారు మీద గుడ్డతో రాసేది చివరికి మైనం లాంటి ఒక పూత, అంతే.

సిరామిక్ కోటింగ్ వీటికన్నా మెరుగు, సిలికా రసాయనం కాబట్టి పొరను పట్టుకుని ఏళ్లు ఉంటుంది, నీళ్లు జారిపోతాయి, కడగడం సులువవుతుంది. అయితే దాని మందం ఒకటి రెండు మైక్రాన్లు, గీతలను దాచదు, ఉన్నవాటిని అలాగే గాజు కింద పెట్టి చూపిస్తుంది. బోరు నీళ్ల మచ్చలు దాని మీదా పడతాయి. '9హెచ్' అని పెద్ద అక్షరాల్లో రాసేది వజ్రం పక్కన నిలబెట్టే లెక్క కాదు, పెన్సిల్ గట్టితనం పరీక్ష. అంటే 9హెచ్ పెన్సిల్‌తో గీస్తే గీత పడలేదని. రోడ్డు మీది క్వార్ట్జ్ రేణువు పెన్సిల్ కాదు. రాళ్ల దెబ్బలే భయమైతే రంగు మీద అంటించే, 150, 200 మైక్రాన్ల మందం ఉండే పారదర్శక ప్లాస్టిక్ పొర, పీపీఎఫ్ ఫిల్మ్, వేరే ఉంది, బంపర్‌కు, బానెట్‌కు వేయించుకున్నా చాలు, ఖర్చు మాత్రం గట్టిగానే ఉంటుంది.

ఇక మిగిలినవి చిన్నవి. యాదగిరిగుట్టలో వాహన పూజ చేయించాక బానెట్ మీద ఆరిన పసుపు, కుంకుమను అక్కడే పొడిగుడ్డతో గీకకుండా ఇంటికొచ్చి నీళ్లతో నానబెట్టి తీయాలి, పూలదండను తీగతో కాకుండా దారంతో కట్టించాలి. వేప జిగురు, పిట్టల రెట్ట ఎండలో గంటల్లోనే పొరను కొరుకుతాయి, డిక్కీలో నీళ్ల సీసా, మైక్రోఫైబర్ గుడ్డ ఉంటే అప్పటికప్పుడు తడిపి ఎత్తేయవచ్చు.

ఏ గీతకు మెషిన్ పెట్టాలో, దేన్ని వదిలేయాలో తేల్చేది గోరు. గోరును గీతకు అడ్డంగా జరిపితే ఆగకుండా జారిపోతే అది పాలిష్‌కు లొంగుతుంది. గోరు ఆగిందంటే గీత క్లియర్ కోట్‌లో చాలా లోతుకు దిగింది, కొన్నిసార్లు దాటేసింది కూడా. దాన్ని పూర్తిగా తీసేయాలని ఒకేచోట మెషిన్ నిలబెడితే గీతతో పాటు చుట్టూ అరచేయంత చోట క్లియర్ కోట్ కూడా పోతుంది. నల్ల కారు మీద ఆ మచ్చ రోడ్డు అవతలి నుంచి కూడా కనపడుతుంది, గీత మాత్రం వంగి చూస్తే తప్ప కనపడేది కాదు.